సగం పండుగల ఏడాది

మా ఆయన పోయాక వచ్చిన మొదటి దసరాకు ముందు మా బిడ్డ నన్ను కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. నాకు జబ్బంటూ ఏమీ లేదు. తిండి సయించడం లేదు, కోడి కూయకముందే మెలకువ వచ్చేస్తోంది, ఎవరైనా పండుగ మాటెత్తితే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది. అంతే. ఆ డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నా చేయి పట్టుకుని చూసి, రెండు రకాల గోలీలు రాసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "అమ్మా, ఈ దసరా నుంచి ఉగాది దాకా మీకు జర కష్టంగనే ఉంటది. పొద్దున కొంచెంసేపు ఎండల కూసోండి. ఆకలి కాకున్నా యాళ్లకు తినండి. పండుగ మొత్తం చెయ్యాల్నని లేదు, మొత్తం మానెయ్యాల్ననీ లేదు, మీతోని అయినంత చేసుకోండి. సార్ యాదికొస్తే ఆయన ముచ్చట చెప్పుకోండి, లోపల దాసుకోకండి" అంది. నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో వచ్చిన నవ్వు. మా బిడ్డ భయపడి నా భుజం పట్టుకుంది. "ఇవన్నీ నీకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా?" అని అడిగాను. "మా చదువుల చెప్పిండ్రమ్మా" అంది డాక్టరమ్మ. "మాకు మా బాపమ్మ చెప్పింది. ఆమెకు ఓనమాలు గుడ రావు" అన్నాను. ఇంటికి వచ్చేదాకా బస్సులో నేను మా బాపమ్మతోనే ఉన్నాను.

మా ఊరు హుస్నాబాద్‌కు మూడు కోసుల దూరం. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో సంగతి ఇది. మాది నేతగాళ్ల ఇల్లు. ఇల్లంటే ఒక పెద్ద అర్ర, దాంట్లో సగం బాపు గుంట మగ్గం, మిగిలిన సగంలో మేమందరం. తెల్లారకముందే బాపు గుంటలో కాళ్లు దించి కూర్చునేవాడు. మగ్గం చప్పుడు మొదలైతేనే మాకు పొద్దు మొదలైనట్టు. అవ్వ, అంటే మా అమ్మ లచ్చవ్వ, పొయ్యి రాజేసి జొన్న గట్క దించి, రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఆ నూలుకు పట్టించే గంజి పులిసిన వాసన మా బట్టలకు, మా జుట్టుకు, చివరకు మేం తినే రొట్టెకు కూడా ఉండేది. వేరే ఊరికి పోయినప్పుడు ఆ వాసన లేక నాకు నిద్ర పట్టేది కాదు. బాపమ్మ, అంటే మా బాపు తల్లి, గడప పక్కన గోడకు వీపు ఆనించి కూర్చుని, పొగాకు నములుతూ, వాడకట్టులో వచ్చేపోయే ప్రతివాళ్లకూ ఏదో ఒక వంక పెడుతుండేది. అవ్వకూ ఆమెకూ పడేది కాదు. అవ్వ వండిన కూరలో బాపమ్మకు ఉప్పు ఎప్పుడూ చాలేది కాదు. బాపమ్మ దులిపిన చాప అవ్వకు ఎప్పుడూ శుభ్రంగా కనబడేది కాదు. ఒకరి మీద ఒకరికి ఉన్న కోపాన్ని ఇద్దరూ నా మీద తీర్చుకునేవారు. నాకప్పుడు పదేళ్లు. అవ్వ తిట్లకు ఊళ్లో పేరుండేది. నన్ను ఒక్క మాట అనడానికి మొదలుపెడితే మా ముత్తాతల దాకా పోయి తిరిగొచ్చేది.

నా వెనక ఇద్దరు పుట్టి దక్కలేదు. తరువాత మల్లేశం పుట్టాడు. మేం మల్లిగాడని పిలిచేవాళ్లం. వాడికి మూడేళ్లు నిండిన శ్రావణంలో జ్వరమొచ్చింది. బాపు బండి కట్టించి హుస్నాబాద్ దవాఖానకు బయల్దేరాడు. కానీ ఊరి బయట వాగు ఒడ్లు తెగి పారుతోంది. ఎడ్లు నీళ్లను చూసి వెనక్కి తిరిగాయి. బండిని వెనక్కి తెచ్చారు. మూడో రోజు వాగు తగ్గింది. అప్పటికి మల్లిగాడు లేడు. ఆ వాగు ఒడ్డునే, తుమ్మచెట్ల పక్కన వాణ్ని మట్టి చేశారు.

ఆ రోజే బాపమ్మ ఒక పని చేసింది. వాడి రెండు అంగీలు, వాడు లాక్కుంటూ తిరిగే చెక్క బండి, వాడు పాలు తాగే ఇత్తడి గిన్నె, అన్నీ మూట కట్టి అటక మీద పడేసింది. నన్నూ బాపునూ దగ్గరికి పిలిచి, "వాని పేరు గీ ఇంట్ల ఎవ్వలూ తియ్యొద్దు. పేరు తీస్తే మీ అవ్వ బతకది" అంది. మేం తీయలేదు. అవ్వ మాత్రం రోజురోజుకూ మాకు కనబడకుండా పోసాగింది. మనిషి గోడ దగ్గరే ఉండేది. ముందర పెట్టిన గట్క మీద పొర కట్టి ఎండిపోయేది. తల దువ్వుకోవడం మానేసింది. రాట్నం ముందు కూర్చునేది కానీ చక్రం తిరిగేది కాదు. నేను కావాలని కుండ పగలగొట్టి చూశాను ఒకరోజు. పెంకుల వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ గోడ వైపు తిరిగింది. ఆ రోజు నాకు మొదటిసారి భయమేసింది. అవ్వ తిట్టకపోవడమంత భయం నాకు ఆ వాగును చూసినా కలగలేదు.

బతుకమ్మ దగ్గరికొచ్చింది. ఆడపిల్లలం గునుగు పూలకూ తంగేడుకూ పొలాల గట్ల మీద పడ్డాం. చిన్నపిల్లవాడు పోతే ఏడాది పట్టింపు లేదని అయ్యగారు చెప్పాడు. కానీ ఇంట్లో పండుగ చేసే మనసు ఎవరికుంది? పక్కింటి ఎల్లవ్వత్త రోజూ వచ్చి అవ్వను చూసి పోయేది. "దీనికి గాలి సోకింది పెద్దవ్వా. మంత్రగాణ్ని తోల్కొస్త, యాప మండలు పట్టి రెండు దెబ్బలేస్తే దిగుతది" అంది ఒకరోజు. బాపమ్మ పొగాకు ఊసి, "దెబ్బలు తిన్నది సాలదా? ఇంకా కొడ్తవా?" అంది. కోడలి పక్షాన బాపమ్మ మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

సద్దుల బతుకమ్మ నాడు ఎల్లవ్వత్త వాళ్ల ఇంట్లో నాకూ ఒక చిన్న బతుకమ్మను పేర్చి ఇచ్చింది. "పొల్ల ఏం పాపం జేసింది, పోనీ" అని బాపమ్మ పంపింది. పొద్దు వాలుతుండగా వాడకట్టు ఆడవాళ్లందరం ముగ్గులో బతుకమ్మలను పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నాం. అంతలో బాపమ్మ వీధి మొగదల నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె పరుగెత్తగలదని నాకు అప్పటిదాకా తెలియదు. కొంగు భుజం మీద లేదు. "లచ్చవ్వ ఇంట్ల లేదు! మేకకు నీళ్లు పెట్టి వచ్చేసరికి లేదు!" చప్పట్లు ఆగిపోయాయి. ఆడవాళ్లు బావుల వైపు ఉరికారు. నాకు మాత్రం ఎటు పోవాలో తెలుసు. ఇన్ని రోజులుగా అవ్వ చూస్తున్నది గోడను కాదు, గోడ అవతల ఉన్న దిక్కును.

అవ్వ వాగు ఒడ్డున, తుమ్మచెట్ల దగ్గర, ఆ చిన్న మట్టిదిబ్బ పక్కన కూర్చుని ఉంది. ఆమె చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. వాగులో దిగి వెనక్కి వచ్చిందో, ఇంకా దిగాలనుకుంటోందో నాకు తెలియదు. తరువాత ఎన్నో ఏళ్లకు అడిగితే, "నాకు సోయి లేదే. ఎందుకు పోయిన్నో నాకే ఎరుక లేదు" అంది. నేను పోయి ఆమె చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. విడవకుండా పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి బాపమ్మ రొప్పుకుంటూ వచ్చింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఆమె ఆ తడి మట్టిలోనే కోడలి పక్కన చతికిలబడింది. ఊపిరి కుదుటపడ్డాక ఒక మాట అంది.

"నాకు గుడ ఇద్దరు పోయిండ్రు లచ్చవ్వా. నీ మొగనికంటె ముందు. ఒకడు రాజయ్య. ఒకతి పోశవ్వ. మా అత్త గిట్లనే వాళ్ల పేర్లు తియ్యనియ్యలే. ఇరవై ఏండ్లకు ఆమె సచ్చిపోయినంక తీద్దామంటే, వాళ్ల మొకాలు నాకు యాదికొస్తలేవు."

అవ్వ తల తిప్పి ఆమె వైపు చూసింది.

"తప్పు నాది. నాకు నొప్పి పెట్టిందే నీకు మందని పోసిన. నువ్వు వాని పేరు తీయి. అందరం తీద్దాం."

బాపమ్మే ముందుగా అంది, "మల్లిగాడు నా పొగాకు డబ్బీల ఇసుక పోసెటోడు." అప్పుడు అవ్వ ఏడ్చింది. వాడు పోయిన నాడు కూడా అట్లా ఏడవలేదు. గొంతు పగిలేటట్టు, వాగు అవతలి ఒడ్డుకు వినిపించేటట్టు ఏడ్చింది. ఎల్లవ్వత్త, ఇంకొందరు ఆడవాళ్లు వచ్చి దూరంగా నిలబడిపోయారు. బాపమ్మ వాళ్ల వైపు చేయి ఊపి, రావద్దని సైగ చేసింది. ఏడుపు దానంతట అది ఆగేదాకా మేం ముగ్గురం అక్కడే ఉన్నాం.

మూడో రోజు దసరా. పొద్దున్నే అటక మీది మూట కిందికి దిగింది. బాపమ్మ ఇంటిల్లిపాదినీ పిలిచి చెప్పింది, "పండుగను రావద్దంటే ఆగుతదా? అది వస్తనే ఉంటది. మనతోని అయినంత చేసుకుందాం. గీ ఏడు మనింట్ల సగం పండుగ." ఆ సగం ఎట్లా ఉంటుందో ఆమే నిర్ణయించింది. మామిడి తోరణం కడతాం, కొత్త బట్టలు కట్టం. పాయసం వండుతాం, పదిమందిని పిలవం. బాపు జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతుల్లో పెడతాడు, అవ్వకు ఇష్టముంటే తీసుకుంటుంది, లేకుంటే లేదు. ఎవరైనా ఇంటికొస్తే కూర్చోవచ్చు, కానీ 'ఊకో బిడ్డా, మర్చిపో' అనే మాట మాత్రం మా గడప లోపల అనకూడదు. ఆ మాట అన్న ఒక దూరపు చుట్టాన్ని, ఆయన చేతిలో పాయసం గిన్నె ఉండగానే, బాపమ్మ లేపి పంపించింది.

ఆ రోజు నుంచి ఉగాది దాకా, ఆరు నెలలు, అవ్వను చూసుకోవడం మా ఇంట్లో ఒక పని అయింది. కండెలు చుట్టడం లాగా, నీళ్లు తేవడం లాగా రోజూ చేయాల్సిన పని. పొద్దు పొడవగానే బాపమ్మ ఆమెను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టేది. "ఎండ ఉత్తగ వస్తది, కాదనద్దు" అనేది. వేడి గట్కలో మజ్జిగ పోసి, తాను ఎదురుగా కూర్చుని, అవ్వ ఒక ముద్ద తింటేనే తాను ఒక ముద్ద తినేది. అవ్వ తినకపోతే ముసలామె కూడా పస్తే. దాంతో అవ్వ మొహమాటానికైనా తినేది. అవ్వ రోజుకు అయిదు కండెలు చుట్టాలి, ఆరోది చుట్టకూడదు. వారానికొకసారి నువ్వుల నూనె కాచి తలకు పట్టించి, కుంకుడు రసంతో తానే తల రుద్దేది. అత్త కోడలి తల రుద్దడం చూసి వాడకట్టులో నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే పొద్దుగూకే యాళ అంటే బాపమ్మకు బుగులు, భయం. "దీపం పెట్టే యాళ్లకు మనసు జారుతది. గప్పుడు ఒక్కదాన్ని ఉంచొద్దు" అని ఎల్లవ్వత్తతోనూ ఇంకో ఇద్దరితోనూ వంతులు మాట్లాడుకుంది. వాళ్లు రోజుకొకరు వచ్చి, చింతపండు గింజలు తీస్తూనో, చిక్కుడుకాయ గిల్లుతూనో కూర్చునేవారు. మాట్లాడితే మాట్లాడేవారు, లేకుంటే లేదు. నా వంతు బడి నుంచి వచ్చాక. నాకు ముచ్చట్లు రాకపోతే పుస్తకంలో పాఠం చదివి వినిపించేదాన్ని.

అంతా నేరుగా బాగుపడిందని చెబితే అబద్ధమవుతుంది. దీపావళికి మళ్లీ కిందికి జారింది. వీధిలో మూడేళ్ల పిల్లవాడొకడు కాకరపువ్వొత్తి చూసి కేరింతలు కొడితే, అవ్వ లోపలికొచ్చి రెండు రోజులు చాప మీద నుంచి లేవలేదు. నేను ఏడ్చాను, ఇంత చేసీ ఏం లాభమని. బాపమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "జెరం దిగేటప్పుడు గుడ ఒకరోజు ఎక్కుతది, ఒకరోజు దిగుతది. పరేషాన్ గాకు. రేపు మళ్ల ఎండల కూసోబెడదాం" అంది. మూడో రోజు కూర్చోబెట్టింది.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మగ్గం చప్పుడు మధ్యలో ఆగిపోయింది. దారం తెగితే ఆగుతుంది, ముడి వేయగానే మళ్లీ మొదలవుతుంది. ఆ రోజు మొదలవలేదు. వాకిట్లో ఎండలో ఉన్న అవ్వ చెవి రిక్కించింది. లేచి లోపలికి పోయింది. నేను ఆమె వెనకే పోయాను. బాపు గుంటలో కాళ్లు పెట్టుకుని, చేతిలో నూలును అటూ ఇటూ పరుగెత్తించే నాడె పట్టుకుని, ముందున్న బట్టను చూస్తూ ఉన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు. నాకు అప్పుడు తట్టింది. ఇన్ని నెలల్లో మేమెవరమూ బాపును ఒక్క మాట అడగలేదు. ఎండకు కూర్చోబెట్టలేదు, ఎదురుగా కూర్చుని తినిపించలేదు. ఎడ్లు వెనక్కి తిరిగినప్పుడు బండి మీద పిల్లవాణ్ని పట్టుకుని ఉన్నది ఆయనే. అవ్వ మగ్గం పక్కన నేల మీద కూర్చుంది. "నేను ఎత్తుకుని వాగు దాటితే పోరడు బతుకుతుండె" అన్నాడు బాపు. "దాటితే ఇద్దర్ని మట్టి చేసెటోళ్లు. నాకు నువ్వన్న మిగిలినవ్" అంది అవ్వ. ఆమె నోట అంత పొడవు మాట శ్రావణం తరువాత అదే. లేచి పొయ్యి దగ్గరికి పోయి, తనంతట తాను, ఆయనకు గట్క పోసుకొచ్చింది. వాకిట్లో నుంచి ఇదంతా చూసిన బాపమ్మ ఆ పూట ఒక్కతే కూర్చుని రెండు గిన్నెలు తింది.

ఇప్పుడు ఆలోచిస్తే, అప్పటి రోజులే మంచివని చెప్పడానికి నాకు నోరు రాదు. వాగు మీద ఒక వంతెన ఉంటే, ఊళ్లో ఒక డాక్టరమ్మ ఉంటే మల్లిగాడు ఈనాడు మనవలతో ఉండేవాడు. బాపమ్మ కూడా మొదట తప్పే చేసింది, ఆ తప్పు అవ్వను వాగు దాకా తీసుకుపోయింది. నాకిచ్చిన గోలీలు నేను వేసుకుంటున్నాను, వాటితో నిద్ర పడుతోంది. అవ్వకు అవి దొరికి ఉంటే ఆమె అంతగా నలిగిపోయేది కాదేమో. కానీ ఒకటుంది. ఈ దసరాకు నా ఫోనులో ఎన్ని శుభాకాంక్షలు వచ్చాయో చెప్పలేను, పొద్దుగూకే యాళ నా పక్కన కూర్చుని చిక్కుడుకాయ గిల్లినవాళ్లు లేరు. వాళ్లకు ప్రేమ లేక కాదు. మేం ఉండే నాలుగో అంతస్తులో తలుపులన్నీ మూసే ఉంటాయి, ఎవరి తలుపు తట్టాలన్నా ముందు ఫోన్ చేసి అడగాలి. పిలవకుండా ఒక ఇంటికి పోయి, చెప్పడానికేమీ లేకపోయినా కూర్చోవడం ఒక పని అని మాకు తెలిసేది. ఆ పని చేసేవాళ్లు తగ్గిపోయారు. నేను కూడా ఎన్ని ఇళ్లకు పోయాను? ఎదురింటి ఆయన భార్య చనిపోయిన ఏడాది నేనూ ఫోనులో పువ్వుల బొమ్మే పంపాను.

ఆ ఏడు ఉగాది నాటికి వేపచెట్లు పూతకొచ్చాయి. పొద్దున్నే నేను కొత్త కుండ కడిగి పెట్టాను. అవ్వ తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ చింతపండు పిసుకుతోంది. బాపు గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు. పళ్లెంలో తరిగి పెట్టిన కొత్త బెల్లం ఉంది. ఎవరూ చూడటం లేదనుకుని నేను ఒక పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాను.

"ఓసి నీ పాడుగాను! దేవునికి పెట్టకముందే నోట్లేసుకుంటవా? నీది కడుపా, గంగాళమా? మీ నాయిన తాత గుడ గిట్లనే నైవేద్యం దొంగతనం జేసి..." అని అవ్వ అందుకుంది. మా ముత్తాతల దాకా పోయింది.

బాపు మామిడాకు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నోట్లో బెల్లంతో నేను కూడా కదల్లేదు. మా అందరి ముఖాలు చూసి అవ్వ కూడా మధ్యలో ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న బాపమ్మ, "ఆపినవేందే లచ్చవ్వా? తిట్టు. ఇంకో నాలుగు తిట్టు, నన్ను గుడ కలిపి తిట్టు" అంది. అవ్వకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు నిండాయి. "మల్లిగాడుంటే వాడు పళ్లెమే ఎత్కపోతుండె" అంది. "ఎత్కపోతుండె" అన్నాడు బాపు. ఆ మాట ఇంట్లో మామూలు మాటలాగా పలికింది.

పచ్చడి తిన్నాం. బచ్చాలు, అంటే బొబ్బట్లు, అవ్వే చేసింది. ఉప్పు చాలలేదని బాపమ్మ ఆ రోజు అనలేదు. తిన్న చోటే, చేతులు కడుక్కుని, గోడ పక్కన నేల మీద ఒరిగింది. పట్టపగలు ఆమె పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, పొగాకు డబ్బీ ఒక చేతిలో ఉండగానే గాఢంగా నిద్రపోయింది. ఆమె ఎంత చిక్కిపోయిందో నాకు అప్పుడు కనబడింది. ఆరు నెలలు ఒకరు తింటేనే తాను తిన్న మనిషి. పొద్దుగూకే యాళకు ఆమె లేచి దీపం సంగతి చూసుకోవాలి కదా అని నేను లేపబోయాను. అవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. తన చీర ఒకటి తెచ్చి అత్త మీద కప్పి, తల కింద మడిచిన దుప్పటి పెట్టి, ఆమె పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుంది.

"లేపకు. పండుకోనీ" అంది అవ్వ. "నేనున్న గద."